బ్యాగు మీద నంబరు సరైనదే, బ్యాగే నకిలీ

మేముండే స్టీవెనేజ్ లండన్‌కి ఉత్తరాన, రైల్లో సుమారు అరగంట దూరంలో ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1946లో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించిన "కొత్త పట్టణాల"లో ఇదే మొదటిది. ఉపగ్రహాలు తయారు చేసే ఎయిర్‌బస్ వారు, మందుల పరిశోధన చేసే జీఎస్‌కే వారు ఇక్కడ ఉన్నారు. నాబోటి కన్సల్టెంట్లూ కొందరం ఉన్నాం. లూయీ వీటాన్ దుకాణం మాత్రం లేదు. అందుకని ఈ కథ మా ఊరి రైల్వే స్టేషన్ బయట మొదలవుతుంది.

2023లో మా అక్క విజయవాడ నుంచి మా ఇంటికొచ్చింది. నేను మాస్టర్స్ చదవడానికి బయల్దేరినప్పుడు, ఫీజు కోసం తన గాజులు తాకట్టు పెట్టిన అక్క. ఆవిడకి గుర్తుండిపోయే బహుమతి ఒకటి కొనాలని ఎన్నాళ్ళుగానో కోరిక. లండన్ దుకాణంలో ధర చూసి వెనక్కొచ్చేసి, వాడిన బ్యాగు కోసం ఇంటర్నెట్‌లో వెదికాను. నెవర్‌ఫుల్ అనే మోడల్ దొరికింది, 520 పౌండ్లు. అమ్మే ఆవిడ స్టేషన్ దగ్గరికే తెచ్చిచ్చింది. అక్కడే నిలబడి, బ్యాగు లోపల చిన్న పట్టీ మీద ఉన్న సంకేతం చదివాను: సి.ఎ. 2153.

దీన్ని చదివే పద్ధతి తెలిసినవాళ్ళు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. లూయీ వీటాన్ వారు 1980ల తొలినాళ్ళ నుంచి 2021 దాకా బ్యాగుల్లో ఇలాంటి తేదీ సంకేతాలు వేశారు. ముందున్న రెండక్షరాలు ఏ కర్మాగారంలో తయారైందో చెబుతాయి. సి.ఎ. అంటే స్పెయిన్. 2007 నుంచి అంకెల్లో మొదటిది, మూడోది కలిపితే ఏడాదిలో ఎన్నో వారమో తెలుస్తుంది. రెండోది, నాలుగోది కలిపితే సంవత్సరం. అంటే 2153 అనేది 2013లో 25వ వారం. అంతకుముందు, 1990 నుంచి 2006 దాకా, వారానికి బదులు నెల ఉండేది. ఎవరైనా 6173 అని ముద్రించిన బ్యాగు చూపిస్తే అది 67వ వారం అవుతుంది. ఏడాదికి అన్ని వారాలు లేవు కాబట్టి ఆ బ్యాగు నకిలీ.

నాది అన్నివిధాలా సరిపోయింది. లోపల "స్పెయిన్‌లో తయారీ" అని కూడా ఉంది. గట్టెక్కాననుకుని అక్కడికక్కడే ఫోన్లోంచి బ్యాంకు బదిలీ చేశాను.

మరుసటి ఏడాది అక్క ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, ఈ బ్యాగు చేతిపట్టీలు పొట్టు లేస్తున్నాయిరా!"

నెవర్‌ఫుల్ ఒళ్ళంతా ఉండేది తోలు కాదు, పైపూత పూసిన కాన్వాసు. అంచులకీ చేతిపట్టీలకీ మాత్రం రంగు వేయని ఆవుతోలు వాడతారు. దాని మీద ఎండ పడినా, చేతి చెమట తగిలినా నెమ్మదిగా తేనెరంగుకి తిరుగుతుంది. విజయవాడ ఎండలో ఏడాది తిరిగిన పట్టీలు కొన్ననాటిలాగే లేతగా ఉండి, ఇప్పుడు పొరలు పొరలుగా ఊడుతున్నాయంటే అది తోలే కాదు. అక్కకి ఆ మాట చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. విని, "అయితే ఆ గాజుల డబ్బు వృథా అయినట్టేనా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను చేసిన పొరపాటు మన వృత్తిలో మొదటి వారంలోనే నేర్పే పాఠం. ఐడెంటిఫికేషన్ వేరు, ఆథెంటికేషన్ వేరు. లాగిన్ పేరు ఎవరైనా టైపు చేయగలరు, అది రుజువు కాదు. తేదీ సంకేతం ఆ లాగిన్ పేరు కంటే కూడా బలహీనమైనది, ఎందుకంటే అది ఒక్కో బ్యాగుకి ఒక్కటి కాదు. ఆ వారం ఆ కర్మాగారంలో తయారైన బ్యాగులన్నిటికీ ఒకటే. అసలు బ్యాగు ఒక్కటి చూసినవాడు వెయ్యి నకిలీల మీద దాన్నే అచ్చొత్తుకోవచ్చు. షానెల్ వారు బ్యాగుకో సీరియల్ నంబరు ఇచ్చి, అదే నంబరుతో కార్డు కూడా ఇచ్చేవారు. ఆ నంబరూ కార్డూ రెండింటినీ కలిపి కాపీ చేయడానికి పెద్ద శ్రమేమీ అక్కర్లేదు. నంబరు తప్పయితే బ్యాగు నకిలీ అని చెప్పొచ్చు. నంబరు ఒప్పయితే ఏమీ చెప్పలేం. నేను ఈ రెండో వాక్యం మరిచిపోయాను.

అక్క గాజులు తాకట్టు పెట్టిన రోజు నేనూ వెంట ఉన్నాను. కొట్టు యజమాని కొన్న రసీదు వంక చూడనైనా చూడలేదు. గాజుని గీటురాయి మీద గీసి, ఆ గీత మీద ఆమ్లం చుక్క వేసి చూశాడు. పోచంపల్లి చీర కొనేటప్పుడు మన అమ్మలు చేసేదీ ఇదే, చీరని తిరగేసి చూస్తారు. నేతకి ముందే నూలుకి ముడులు వేసి రంగులద్దుతారు కాబట్టి అసలు ఇక్కత్‌కి రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది. అచ్చువేసిన నకలుకి వెనకవైపు తరచు వెలిసినట్టుంటుంది. వీళ్ళెవరూ చీటీని చదవరు, తయారీ విధానం వస్తువులో వదిలిన జాడ కోసం చూస్తారు.

బ్యాగులో ఆ జాడలు ఎక్కడుంటాయంటే, ముందు కుట్టులో. మంచి కుట్టు సమానమైన ఎడంతో ఉంటుంది, ఎడమ పట్టీకి ఎన్ని కుట్లున్నాయో కుడి పట్టీకీ అన్నే ఉంటాయి. మడత దగ్గర దారం పోగులు కనబడకూడదు. తర్వాత తోలు మీద వేడిగా అద్దిన అక్షరాలు: గీతలు సన్నగా, అంచులు తీరుగా ఉండాలి. ఆ తర్వాత లోహపు సామగ్రి బరువు, జిప్పు నడిచే తీరు, వాడిన బ్యాగయితే తోలు వయసు. పదేళ్ళ బ్యాగుకి నిన్నటి తోలు ఉంటే, ఎప్పుడు మార్పించారో అడగాలి. అన్నిటికన్నా మంచి పద్ధతి, అదే మోడల్ అసలుది పక్కన పెట్టుకుని చూడటం. కొన్ని పుకార్లనీ నమ్మకండి. అమెరికాలో తయారైనంత మాత్రాన లూయీ వీటాన్ బ్యాగు నకిలీ కాదు, వాళ్ళకి అక్కడా కర్మాగారాలున్నాయి. స్పీడీ మోడల్లో ఒక వైపు ఎల్.వి. అక్షరాలు తలకిందులుగా ఉండేది, ఒకే కాన్వాసు ముక్కని అడుగునుంచి చుట్టి కుట్టడం వల్ల. పైగా బ్యాగుతోపాటు ప్లాస్టిక్ "ఆథెంటిసిటీ కార్డు" చూపిస్తే అనుమానించాల్సిందే, లూయీ వీటాన్ అలాంటి కార్డు ఇవ్వదు.

(ఆ ఎల్.వి. అక్షరాల డిజైను 1896లో జార్జెస్ వీటాన్ తీసుకొచ్చింది నకళ్ళని అరికట్టడానికే. ఈనాడు ప్రపంచంలో ఎక్కువగా కాపీ అయ్యే డిజైన్లలో అదొకటి!)

2021లో లూయీ వీటాన్ తేదీ సంకేతాలు మానేసి బ్యాగుల్లో మైక్రోచిప్ పెట్టడం మొదలుపెట్టింది. అదే ఏడు షానెల్ కూడా స్టిక్కర్లకి బదులు చిప్ ఉన్న లోహపు పలకకి మారింది. చిప్ ఉంది కదా అని మనవాళ్ళు వెంటనే నిశ్చింతపడిపోతారు. కానీ చిప్‌లలోనూ రెండు జాతులున్నాయి. చవక ఎన్.ఎఫ్.సి. ట్యాగు తన 7 బైట్ల నంబరుని అడిగినవాళ్ళందరికీ చెప్పేస్తుంది. ఆ నంబరుని ఇంకో ట్యాగులోకి ఎక్కించవచ్చు. అంటే మళ్ళీ మన సి.ఎ. 2153 కథే. ఫోన్ ఆనించగానే ఏదో వెబ్‌పేజీ తెరుచుకున్నంత మాత్రాన ఏమీ రుజువు కాదు, ఆ పేజీ ఎవరిదైనా కావచ్చు. రెండో జాతి చిప్, ఉదాహరణకి ఎన్‌ట్యాగ్ 424 డి.ఎన్.ఎ., రహస్య కీని బయటికి చెప్పదు. తాకించిన ప్రతిసారీ ఒక లెక్కని ఒకటి పెంచి, 128 బిట్ల ఎ.ఇ.ఎస్. కీతో దాని మీద ముద్ర వేసి పంపుతుంది. పాత జవాబుని కాపీ చేసి మళ్ళీ చూపిస్తే సర్వర్ పట్టేస్తుంది. అయితే ఆ ముద్ర చెప్పేది చిప్ అసలుదని మాత్రమే. చిరిగిన అసలు బ్యాగులోంచి చిప్ ఊడదీసి నకిలీలో కుట్టేస్తే గణితం ఏం చేస్తుంది?

ఎల్.వి.ఎం.హెచ్., ప్రాడా, కార్టియే కలిసి 2021 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ఆరా బ్లాక్‌చెయిన్ గురించీ ఇదే మాట. రికార్డుని ఎవరూ దిద్దలేరు, సంతోషం. రికార్డుకీ తోలుకీ మధ్య ముడి మాత్రం బయటే ఉండిపోతుంది.

ఈ విషయంలో నాకు బాగా నచ్చింది గీటురాయిని కంప్యూటర్‌కి నేర్పిన పని. న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధన నుంచి పుట్టిన ఎంట్రూపీ సంస్థ చిన్న మైక్రోస్కోప్‌తో బ్యాగు ఉపరితలాన్ని ఎన్నో రెట్లు పెద్దదిగా ఫోటో తీస్తుంది, ఆ ఫోటోలని న్యూరల్ నెట్‌వర్క్‌తో పోలుస్తుంది. ఆష్లేష్ శర్మ, విద్యుత్ శ్రీనివాసన్, లక్ష్మీనారాయణన్ సుబ్రమణియన్ ప్రభృతులు 2017లో కె.డి.డి. సదస్సులో సమర్పించిన పత్రంలో 30 లక్షల చిత్రాలు వాడామనీ, ఖచ్చితత్వం 98 శాతం పైనే అనీ రాశారు. ఇక్కడ చిన్న లెక్క వేసుకోవాలి. 1000 బ్యాగుల్లో 100 నకిలీవనీ, యంత్రం నూటికి 98 సార్లు సరిగ్గా చెబుతుందనీ అనుకుందాం. 98 నకిలీలు దొరుకుతాయి, 2 జారిపోతాయి. 900 అసలువాటిలో 18 మీద తప్పుముద్ర పడుతుంది. అంటే అది నకిలీ అన్న 116 బ్యాగుల్లో 18 అసలువే! అయినా, స్టేషన్ బయట నిలబడ్డ నాకంటే చాలా నయం.

ఇక డబ్బు సంగతి. బ్రిటన్‌లో వ్యాపారి దగ్గర కొంటే, 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం వర్ణించినట్టు లేని వస్తువుని 30 రోజుల్లోపు తిప్పి పంపి డబ్బు వెనక్కి అడగవచ్చు. వస్తువు ధర 100 పౌండ్ల పైన, 30,000 పౌండ్ల లోపు ఉండి క్రెడిట్ కార్డుతో కొని ఉంటే, 1974 కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షను కింద కార్డు కంపెనీని కూడా అడగవచ్చు. నకిలీ అని తెలిశాక ఇంకొకరికి అంటగట్టాలని చూడకండి. 1994 ట్రేడ్‌మార్కుల చట్టం 92వ సెక్షను కింద అది పదేళ్ళ వరకూ జైలు పడగల నేరం.

నేను చేసింది ముక్కూమొహం తెలియని మనిషికి బ్యాంకు బదిలీ. ఆ ప్రకటనా లేదు, ఆ ఫోన్ నంబరూ లేదు. అక్క ఆ బ్యాగు పట్టీలకి గుడ్డ చుట్టి రైతుబజారుకి తీసుకెళ్తోంది. మామూలు సంచి కంటే రెండు సొరకాయలు ఎక్కువ పడతాయిట.