పెండ్లి వ్యాపారమా? ముందు ఎవరి పెండ్లో తేల్చుకోండి

"పెండ్లిళ్లు ఆగుతాయా? జనం ఉన్నన్నాళ్లూ జరుగుతూనే ఉంటాయి. అందుకే మావాణ్ని ఈవెంట్ మేనేజ్‌మెంట్‌లో వేద్దామనుకుంటున్నం." భువనగిరి, ఆలేరు, మోత్కూరు వైపు తల్లిదండ్రుల నోట ఈ మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. నిన్నటిదాకా పిల్లలందరినీ సాఫ్ట్‌వేర్ వైపు తోసినవాళ్లే ఇవాళ ఇటు తోస్తున్నారు. కొందరైతే రెండు గుంటలు అమ్మి మరీ ఫీజు కట్టడానికి సిద్ధపడుతున్నారు. యాదగిరిగుట్ట పుణ్యమా అని భూమి ధర పెరిగింది కాబట్టి అమ్మడం తేలికైపోయింది. ఆ భూమిని మళ్లీ కొనడం ఈ జన్మలో కాదని మాత్రం ఎవరూ పిల్లలకు చెప్పడం లేదు.

అసలు పెండ్లిళ్లు ఆగవన్న మాటే పూర్తిగా నిజం కాదు. 2020లో కరోనా నిబంధనలు పెండ్లికి 50 మందే ఉండాలన్నప్పుడు టెంట్ హౌస్‌లు, బ్యాండ్ మేళాలు, వంటవాళ్లు ఎట్లా బతికారో ఈ జిల్లా చూసింది. అది మహమ్మారి కాలం, మళ్లీ రాదనుకుందాం. మూఢం వస్తుంది కదా! 2024లో గురు, శుక్ర మూఢాల వల్ల మే, జూన్ నెలల్లో ముహూర్తాలే లేకుండా పోయాయి. చుట్టపక్కాలందరికీ సెలవులుండే వేసవి సీజనే ఖాళీగా గడిచింది. ఆషాఢం ఏటా వస్తుంది, అధిక మాసం మూడేళ్లకోసారి వస్తుంది. ముహూర్తాలు ఉన్న నెలల్లో కూడా మంచి లగ్గం ఉన్న రోజున ఊరంతా పెండ్లిళ్లే. కొత్తగా దిగిన కుర్రాడు ఆ రాత్రి ఒకే పెండ్లి చేయగలడు. ఏడాదికి దొరికే రోజులు అంత తక్కువైనప్పుడు, ఆ రోజుల్ని ఎవరికి ఇస్తామన్నది ఈ వ్యాపారంలో అన్నింటికంటే ముందు తేలాల్సిన ప్రశ్న. కోర్సు, అప్పు, సామాను దాని తర్వాతే.

ఈ ప్రశ్న అడిగితే పిల్లల నుంచి రెండు జవాబులొస్తాయి. ఒకటి, "డబ్బున్నోళ్ల పెండ్లిళ్లు చేస్త." ఫోన్లో రాజస్థాన్ కోటల పెండ్లిళ్లు, ఫలక్‌నుమా ప్యాలెస్ విందులు చూసి చూసి పుట్టిన కోరిక అది. రెండోది, "ఎవరు పిలిస్తే వాళ్లకు చేస్త." మొదటిది దురాశ అని పెద్దలు కసురుతారు, రెండోదాన్ని వినయమని మెచ్చుకుంటారు. నా అభిప్రాయంలో రెండూ ఒకే రకం ప్రమాదాలు.

డబ్బున్నవాళ్ల సంగతి ముందు చూద్దాం. హైదరాబాద్‌లో కోట్ల పెండ్లి చేసే కుటుంబం భువనగిరి కుర్రాణ్ని నేరుగా పిలవదు. ఏళ్ల తరబడి పేరున్న కంపెనీని పిలుస్తుంది. ఆ కంపెనీ డెకరేషన్‌ను ఇంకొకరికి ఇస్తుంది, ఆ ఇంకొకరు పూల పనో లైట్ల పనో మనవాడికి ఇస్తారు. డబ్బు పైనుంచి కిందికి దిగేసరికి మనవాడిది ఆఖరి వరుస.

ఒక లెక్క ఊహించి వేద్దాం. ఆరు లక్షల ఆర్డర్, చేతికొచ్చిన అడ్వాన్సు లక్షన్నర. పూలు, కూలీలు, లైట్లు, లారీ కలిపి ఖర్చు నాలుగున్నర లక్షలు. అంటే మూడు లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టాలి. పెండ్లయ్యాక "ఆర్చ్ మేం చూపించిన ఫొటోలా లేదు" అని పది శాతం కోస్తారు. అరవై వేలు పోయాయి. మిగిలింది వసూలు కావడానికి నాలుగు నెలలు పడితే వడ్డీ ఇరవై నాలుగు వేలు. లక్షన్నర అనుకున్న లాభం అరవై ఆరు వేలకు దిగింది. విరిగిన స్టాండ్లు, కాలిన సీరియల్ బల్బులు ఇందులో లేవు. అదే ఎనభై వేల ఆర్డర్లు నాలుగు చేసి, ఒప్పుకున్న రోజే సగం, ముహూర్తానికి ముందురోజు మరో ముప్పై రెండు వేలు, మండపం దిగేలోపు మిగిలిన ఎనిమిది వేలు తీసుకుంటే, ఒక్కోదానిలో పద్దెనిమిది వేలు మిగిలినా మొత్తం డెబ్భై రెండు వేలు. అప్పు లేదు, ఫోన్ ఎత్తని పెద్దమనిషి ఇంటి ముందు పడిగాపులు లేవు.

ఇక "ఎవరు పిలిస్తే వాళ్లకు" అన్న దారి. భువనగిరి పట్నంలో, వలిగొండ, రామన్నపేట చుట్టూ ఊళ్లలో జరిగే పెండ్లి గమనించండి. లగ్గం కోటు రాసుకున్న నాటి నుంచి పనులన్నీ ఇంటిమనుషుల మధ్య పంచుకునే ఉంటాయి. మేనమామ ఒకటి, బావమరిది ఒకటి, పాలోళ్లు ఒకటి. వంట మనిషి తరాలుగా ఆ ఇంటికి వచ్చేవాడే. అక్కడికి వెళ్లి "నేను వెడ్డింగ్ ప్లానర్‌ను" అంటే వచ్చే జవాబు ఇది: "అన్నీ మా బామ్మర్ది చూసుకుంటడు తమ్మీ, నువ్వు స్టేజీకి ఎంతయితదో ఒక్కటి చెప్పు." ఆయన తప్పేమీ అనలేదు. ఆయనకు మనుషులున్నారు. సామాను కావాలి, పనితనం కావాలి. పర్యవేక్షణకు డబ్బివ్వాల్సిన అవసరం ఆయనకు లేదు.

కాబట్టి ఈ కుటుంబమే మీ క్లయింట్ అనుకుంటే ప్లానింగ్ డిప్లొమా మీకు పనికిరాదు. వంట నేర్చుకోండి, స్టేజీ కట్టడం నేర్చుకోండి, ఫొటో, వీడియో, ఎడిటింగ్ నేర్చుకోండి, పెండ్లికూతురి అలంకరణ నేర్చుకోండి. వెయ్యిమంది దావత్‌కు మటన్ ఎన్ని కిలోలు పడుతుందో, ఎన్ని గంటలకు పొయ్యి వెలిగించాలో తెలిసినవాడికి ఈ జిల్లాలో పని లేకుండా ఉండదు. నాకు ఇష్టమైన దారి కూడా ఇదే. ముందు చేతిపని, తర్వాత నిర్వహణ.

అయితే నిర్వహణకే డబ్బిచ్చే కుటుంబం కూడా మన పక్కనే ఉంది. పిల్లలకు కనిపించకపోవడమే నాకు బాధగా ఉంటుంది. భువనగిరి నుంచి 13 కిలోమీటర్ల దూరంలో యాదగిరిగుట్ట ఉంది. పునర్నిర్మాణం తర్వాత 2022 మార్చి 28న ఆలయం మళ్లీ తెరుచుకున్నప్పటి నుంచి రద్దీ మారిపోయింది. లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో పెండ్లి చేస్తామని మొక్కుకున్న కుటుంబాలు హైదరాబాద్ నుంచి వస్తాయి. నూరు, నూటయాభై మంది. పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లేవాళ్లు. వాళ్లకు ఇక్కడ మేనమామ లేడు, పాలోళ్లు లేరు. గుట్ట కింద ఏ వీధిలో ఏముందో తెలియదు.

ఆ పెండ్లికూతురి తల్లి ఫోన్ చేస్తే ఏం అడుగుతుందో ఒక్కసారి ఊహించండి. ఉప్పల్ నుంచి బస్సు ఎన్నింటికి కదలాలి? మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు మెట్లెక్కకుండా మండపం దాకా వెళ్లే దారి ఉందా? పిల్ల చీర మార్చుకోవడానికి తలుపు గడియ సరిగ్గా పడే గది ఉందా? టిఫిన్ ఏడింటికల్లా వస్తుందా? తలంబ్రాలు, జీలకర్ర బెల్లం, కొబ్బరి బోండాలు మేం మోసుకురావాలా, ఇక్కడే దొరుకుతాయా? ఆదివారమైతే బండ్లు ఎక్కడ ఆపాలి? ఇందులో ఒక్కటి కూడా పూల ఆర్చ్ గురించి కాదు. ఈ ప్రశ్నలన్నిటికీ వెంటనే, నిజాయితీగా జవాబు చెప్పగలిగిన మనిషికి ఆమె డబ్బిస్తుంది, నలుగురికి చెబుతుంది కూడా. హైదరాబాద్ కంపెనీ ఇంత చిన్న పెండ్లి కోసం దాదాపు 60 కిలోమీటర్లు రావడానికి ఇష్టపడదు. గుట్టలో ఏ వారం ఎట్లా ఉంటుందో తెలిసిన స్థానిక యువకుడికి, యువతికి ఇది సొంత జాగా.

ఇక్కడొక హెచ్చరిక. "దేవస్థానంలో మనోళ్లున్నరు, నేను చూసుకుంట" అని ఒక్కసారి కూడా అనకండి. పెండ్లికి కావాల్సిన అనుమతులు, రుసుములు, వయసు పత్రాలు ఏమిటో దేవస్థానం కార్యాలయంలో కనుక్కుని, కుటుంబం చేతే కట్టించి, రసీదు వాళ్ల చేతిలోనే పెట్టండి. దళారీ అన్న పేరు పడితే గుట్ట కింద మళ్లీ తల ఎత్తుకోలేరు.

మీ క్లయింట్ ఎవరో కాగితం మీద రాయమంటే చాలామంది "మధ్యతరగతి, నెలకు ఇంత ఆదాయం" అని రాస్తారు. దానివల్ల ఉపయోగం లేదు. ఎంతమంది అతిథులు, ఎంత దూరం నుంచి వస్తున్నారు, పెండ్లికి ఎన్ని రోజుల ముందు మాట్లాడుతున్నారు, ఇక్కడ వాళ్లకు సాయం చేసే మనుషులున్నారా అని రాయండి. అన్నిటికంటే ముఖ్యంగా నిర్ణయం ఎవరిదో రాయండి. మన పెండ్లిళ్లలో డబ్బిచ్చేది పిల్ల తండ్రి, రంగులు ఎంచేది పిల్ల, తీరా ముహూర్తం వేళ "ఇదేం స్టేజీ" అని గొడవ పెట్టేది పెండ్లికొడుకు మేనత్త. ముగ్గురినీ ముందే కూర్చోబెట్టి మాట్లాడనిచ్చే కుటుంబం మంచి క్లయింట్. "పిల్ల తరఫు వాళ్లే కదా, వాళ్లే భరిస్తారు" అంటూ మగపెండ్లివారు రోజుకొక కోరిక పంపే చోట, ఆర్డర్ ఎంత పెద్దదైనా ఆ తండ్రి నలిగిపోతాడు, మీ డబ్బూ ఆగిపోతుంది.

వద్దనాల్సిన పెండ్లిళ్లు కూడా రాసిపెట్టుకోండి. పిల్లకు 18, పిల్లవాడికి 21 నిండాయని ఆధార్ కార్డో పదో తరగతి మెమోనో చూడకుండా అడ్వాన్సు తీసుకోవద్దు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం పెండ్లి జరిపించినవాళ్లను, సహకరించినవాళ్లను కూడా శిక్షిస్తుంది. రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చట్టం సంగతి అటుంచినా, చదువుకోవాల్సిన పిల్ల పెండ్లికి పూలదండ కట్టి సంపాదించిన డబ్బు ఇంటికి తేవొద్దు. అలాగే "కల్యాణలక్ష్మి చెక్కు రాంగనే ఇస్తం" అనే ఇంటికి అప్పు మీద ఖరీదైన సెట్ అంటగట్టకండి. 2018 నుంచి ఆ పథకం కింద ఇస్తున్న 1,00,116 రూపాయలు ఆ పిల్లకు అండ కోసం ఇచ్చినవి. ఆ ఇంటికి తక్కువలో, శుభ్రంగా ఏం చేయవచ్చో చెప్పండి. చేయలేకపోతే మర్యాదగా తప్పుకోండి.

ఇప్పుడు కోర్సుల మాట. ఇంటర్ పాసైనవాళ్లెవరైనా ఈవెంట్ మేనేజ్‌మెంట్, హాస్పిటాలిటీ డిగ్రీ, డిప్లొమాల్లో చేరవచ్చు. అర్హత అంతే, అందులో కష్టమేమీ లేదు. కష్టం ఫీజు దగ్గర మొదలవుతుంది. అద్దాల భవనం, గోడ మీద సినిమా తారల పెండ్లి ఫొటోలు, "నూరు శాతం ప్లేస్‌మెంట్", లక్షల్లో ఫీజు. ప్లేస్‌మెంట్ అంటే సీజన్లో రోజు కూలీ లెక్కన వాలంటీర్ పని, ఇంటర్న్‌షిప్ అంటే జీతం లేకుండా కుర్చీలు మోయడమేనన్న సంగతి చేరాక తెలుస్తుంది. కుర్చీలు మోయడం చిన్నతనం కాదు, ఈ రంగంలో అందరూ మోయాల్సిందే. దానికి ఎదురు ఫీజు కట్టడమే అన్యాయం. చేరే ముందు, కిందటేడు బయటికి వెళ్లిన విద్యార్థుల్లో ముగ్గురితో మాట్లాడించమని సంస్థను అడగండి. మాట్లాడించకపోతే లేచి వచ్చేయండి.

చదువే కావాలంటే గచ్చిబౌలిలోని పర్యాటక, ఆతిథ్య నిర్వహణ సంస్థ నిథమ్ లాంటి ప్రభుత్వ సంస్థలను ముందు చూడండి. పెండ్లి లేని రోజుల్లో హోటల్, టూరిజం ఉద్యోగమైనా ఆ చదువు ఇస్తుంది. చేతిపని కావాలంటే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఫొటోగ్రఫీ, బ్యూటీపార్లర్ వంటివి ఉచితంగా నేర్పుతారు. పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థలో ఏ శిక్షణలు నడుస్తున్నాయో వెళ్లి కనుక్కోండి. బస్సు చార్జీ తప్ప పోయేదేమీ లేదు.

సామాను కొనే తొందర కూడా మానండి. ముద్ర రుణం శిశు విభాగంలో 50 వేలు, కిశోర్‌లో 5 లక్షల వరకు దొరుకుతుంది. దొరుకుతుంది కదా అని ఎల్‌ఈడీ వాల్, డ్రోన్ కొనొద్దు. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బు తీసుకుని షూట్ చేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలన్న సంగతి కొన్నాక తెలుసుకున్నవాళ్లున్నారు. మొదటి రెండు సీజన్లు అద్దెకు తెచ్చుకోండి. మూఢం, ఆషాఢం రోజుల కోసం ముహూర్తంతో పనిలేని వేడుకలు పట్టుకోండి. ప్రభుత్వ ఉద్యోగుల పదవీ విరమణ సభలు ప్రతి నెలాఖరునా ఉంటాయి. ఉపాధ్యాయులుండే ఊళ్లలో వాటిని శ్రద్ధగా, తక్కువ ఖర్చుతో చేసేవాళ్లు దొరక్క వెతుక్కుంటున్నారు.

తల్లిదండ్రులతో రెండు మాటలు గట్టిగానే చెప్పాలి. టెంట్ హౌస్ ఉన్న తండ్రి "మన దుకాణమే ఉంది కదరా" అని డిగ్రీ చదువుతున్న కొడుకును మధ్యలో ఆపించడం తగదు. వాడికి లెక్కల మీద మక్కువ ఉంటే బీకాం చదవనివ్వండి. దుకాణం ఎక్కడికీ పోదు. అటువైపు, కూతురు ఈ పని చేస్తానంటే "ఆడపిల్ల అర్ధరాత్రి దాకా ఫంక్షన్ హాళ్లల్ల తిరుగుడేంది" అని నోరు మూయించడమూ తగదు. పెండ్లికూతురి గదిలోకి వెళ్లి, ఆమె భయమేమిటో అడిగి, పిన్ను దగ్గర్నుంచి మాత్ర దాకా చూసుకోవడం అమ్మాయి చేయగలిగినట్టు అబ్బాయి చేయలేడు. గుట్టకు వచ్చే కుటుంబాలు వెతికేది అలాంటి మనిషినే. భయం నిజమైనదే, కాదనను. దానికి మార్గం చూడండి. పొద్దుటి ముహూర్తాలే ఒప్పుకోమనండి, ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు కలిసి పని మొదలుపెట్టమనండి, తిరిగి వచ్చే బండి ఖర్చును ఆర్డర్ ధరలోనే కలపమనండి. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోగా ఏ క్యాటరర్ దగ్గరో, డెకరేషన్ వాళ్ల దగ్గరో ఒక సీజన్ పని నేర్చుకోవడానికి పంపండి. కోర్సు ఫీజు కట్టాలా వద్దా అన్నది ఆ సీజన్ అయ్యాక ఆమెనే అడగండి.