బాతు పిల్లలు ఈకలు పీక్కుంటున్నాయా? మందు కంటే ముందు షెడ్డు కొలవండి

(పెరటి బాతుల పెంపకం చేపట్టిన డ్వాక్రా సంఘాల సభ్యులకు, చిన్న రైతులకు. చదివి మీ సంఘం గ్రూపులో పంపండి.)

సంఘం రుణంతో బాతు పిల్లలు తెచ్చారు. మూడు వారాలు అంతా బాగుంది. నాలుగో వారం ఒక పిల్లకు తోక దగ్గర ఈకలు లేవు. రెండు రోజులకు మరో నాలుగింటికి వీపు మీద నెత్తురు కనిపించింది. పిల్ల పోతే నష్టం, వాయిదా మాత్రం ఆగదు. అందుకే ఈ పాఠం.

ముందు ఇది గుర్తుపట్టండి

మూడు, నాలుగు వారాల వయసు నుంచి పిల్లలకు నూగు రాలి అసలు ఈకలు వస్తాయి. నూగు అక్కడక్కడా రాలి, కింద కొత్త ఈకలు మొలుస్తుంటే కంగారు అక్కర్లేదు. తోక మొదట్లో, వీపు మీద, రెక్కల అంచున ఈకలు తెగి ఉన్నా, చర్మం ఎర్రబడినా, నెత్తురు కనిపించినా అది ఒకదాన్నొకటి పీక్కోవడమే. ఈకల మధ్య పేలు ఉన్నాయేమో కూడా విడదీసి చూడండి. పేలకు చికిత్స వేరు.

ఈ వయసులోనే ఎందుకు?

కొత్తగా మొలిచే ఈక కాడలో నెత్తురు ఉంటుంది. ఒక పిల్ల సరదాగా లాగితే నెత్తురు చిమ్ముతుంది. ఆ ఎరుపు చూసి మిగతావి అక్కడే పొడుస్తాయి. ఒకసారి మరిగాయంటే మానవు.

అయితే ఆ మొదటి పిల్ల ఎందుకు లాగింది? కారణాలు మామూలుగా ఇవే:

1. ఇరుకు. అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. మొదటి మూడు వారాలు పిల్లకు ఒక చదరపు అడుగు చాలు. పెరిగిన బాతుకు రాత్రి షెడ్డులో 3 చదరపు అడుగులు, పగలు బయట తిరగడానికి 10 నుంచి 15 చదరపు అడుగులు కావాలి. లెక్క చూడండి: 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు షెడ్డులో 100 పిల్లలు మొదట హాయిగా ఉంటాయి. పెరిగాక అదే షెడ్డు 33 బాతులకే సరిపోతుంది. షెడ్డు పెరగదు, పిల్లలు పెరుగుతాయి. అందుకే గొడవ నాలుగో వారం తర్వాత బయటపడుతుంది.

2. వేడి, వెలుగు. మొదటి వారం బ్రూడర్ కింద 30 డిగ్రీల దాకా వేడి ఉండాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లలు బల్బుకు దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టే. రాత్రంతా పెద్ద బల్బు వెలుగుతున్నా పొడుచుకోవడం పెరుగుతుంది.

3. దాణాలో మాంసకృత్తుల లోటు. వట్టి నూకలు, తవుడుతో కడుపు నిండుతుంది గానీ ఈకలు కట్టవు. మొదటి మూడు వారాల దాణాలో సుమారు 20 శాతం, తర్వాత 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు ఉండాలి.

4. నీళ్లు, పని లేకపోవడం. బాతు ముక్కుతో బురద వెతికే పక్షి. నాలుగు గోడల మధ్య పొడి ఊక మీద వదిలేస్తే, పక్కదాని తోకే దానికి పని.

ఈ రోజే చేయాల్సినవి

• గాయమైన పిల్లను వెంటనే వేరు చేయండి. మందలో ఉంచి మందు రాస్తే లాభం లేదు.
• గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి, పోవిడోన్ అయోడిన్ రాయండి. ఈగలు వాలకుండా చూడండి, పురుగు పడితే పిల్ల దక్కదు.
• పది నిమిషాలు కదలకుండా నిలబడి మందను చూడండి. చాలాసార్లు మొదలుపెట్టేది ఒకటి రెండు పిల్లలే. వాటినీ విడిగా పెట్టండి.
• ఎండ నేరుగా పడే వైపు గోనె పట్టా కట్టండి. రాత్రి చిన్న బల్బు చాలు.
• తోటకూర కట్టలు పిల్లల ముక్కుకు అందే ఎత్తులో వేలాడదీయండి. అజొల్లా ఉంటే నీళ్లలో వేయండి. వెతుక్కుంటూ తింటాయి.
• ఈకలు వచ్చిన పిల్లలకు తల మునిగేంత లోతు నీళ్ల తొట్టి పెట్టండి. ఈదడం తప్పనిసరి కాదు, ముక్కూ కళ్లూ కడుక్కోవడం తప్పనిసరి. తొట్టి చుట్టూ తడిసిన ఊక రోజూ తీసేయండి.
• గాయం మానాక పిల్లను ఒంటరిగా కాకుండా, ఇంకో రెండిటితో కలిపి చీకటి పడే వేళ మందలో వదలండి.

చేయకూడనివి

"కోళ్లకు ముక్కు కోస్తారు గదండీ, వీటికీ కోయించేదా?" అని సంఘాల్లో అక్కలు అడుగుతుంటారు. వద్దు. బాతు తిండిని వెతుక్కునేది ఆ ముక్కు స్పర్శతోనే. కోస్తే నొప్పితో తిండి మానేస్తుంది. ఇరుకు మాత్రం అలాగే ఉంటుంది.

మాంసకృత్తుల కోసమని బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న అసలు పెట్టకండి. ఆ బూజు విషానికి బాతులు కోళ్ల కంటే త్వరగా చనిపోతాయి. వాసన తేడాగా ఉంటే బస్తా మొత్తం పక్కన పెట్టేయండి.

దాణా ఖర్చుకు దారి

కిసాన్ క్రెడిట్ కార్డు పంటకే అనుకుంటారు. 2018-19 నుంచి పశుపోషకులకు, కోళ్లు, ఇతర పక్షులు పెంచేవారికి కూడా వర్తింపజేశారు. స్వయం సహాయక సంఘాలు, అద్దె షెడ్డులో పెంచేవారు కూడా అర్హులే. ఇది దాణా, వైద్యం, కరెంటు వంటి నడుపుడు ఖర్చులకు ఇచ్చే రుణం. షెడ్డు కట్టడానికి కాదు. దరఖాస్తుకు మీ బ్యాంకు శాఖలో అడగండి.

దరఖాస్తులో పిల్లల సంఖ్య రాసే ముందు టేపు పట్టి షెడ్డు కొలవండి. ఎంత రుణం వస్తుందో చూసి పిల్లల్ని తేవడం కాదు, ఎన్ని పడతాయో చూసి రుణం అడగాలి. 33 పట్టేచోట 100 పెంచితే దాణా ఖర్చు వందకూ అవుతుంది, అమ్ముడుపోయేవి మాత్రం తగ్గుతాయి.

ఎవరిని అడగాలి?

మీ ఊరి రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ని, లేదా దగ్గరలోని పశువైద్యశాలను సంప్రదించండి. 1962 టోల్ ఫ్రీ నంబరుకు కూడా ఫోన్ చేయవచ్చు. ఫోన్ చేసేటప్పుడు మూడు వివరాలు దగ్గర పెట్టుకోండి: పిల్లల వయసు, షెడ్డు కొలత, ఏ దాణా పెడుతున్నారు. ఈ మూడూ చెబితే డాక్టరు గారికి సగం జవాబు అక్కడే దొరుకుతుంది.