పండ్ల గబ్బిలాలు - కొత్త వైరస్‌ల అన్వేషణ

సాయంసంధ్యవేళ మన సూళ్లూరుపేట తోటల మీదుగా పెద్ద గబ్బిలాలు ఆహారానికై బయలుదేరడం మనలో అనేకులము చూచియే ఉన్నాము. తెలుగువారు గబ్బిలమన్నను, ఉర్దూవారు చమ్‌గాదడ్ అన్నను, దానిని అపశకునంగా తలచేవారు నేటికీ ఉన్నారు. ఇటీవల ఆ పాత భయానికి వైరస్ భయం తోడైనది. ఇందులో నిజమెంతో పరిశీలించుదాము.

1998-99లో మలేషియాలో పందుల పెంపకందారులకు మెదడువాపు సోకి నూరుమందికి పైగా మరణించారు. ఆ వ్యాధికారకానికి ఒక గ్రామం పేరిట 'నిపా' వైరస్ అని పేరిడినారు. దాని మూలాన్ని వెదకుతూ శాస్త్రజ్ఞులు టియోమన్ ద్వీపంలో గబ్బిలాలుండే చెట్ల క్రింద ప్లాస్టిక్ పట్టలు పరచి, వానిపై పడిన మూత్రాన్ని సేకరించారు. అందులో నిపాయేగాక, అంతవరకు ఎవరూ ఎరుగని 'టియోమన్' వైరస్ కూడ బయటపడినది. మన దేశంలో మహాబలేశ్వర్ ప్రాంతపు గుహలో 2010లో పట్టిన పండ్ల గబ్బిలాలలో పుణే జాతీయ వైరాలజీ సంస్థవారు 'మల్సూర్' వైరస్‌ను కనుగొన్నారు. 2018లో కేరళలో నిపా తలయెత్తినప్పుడు అక్కడి గబ్బిలాలలో దాని జాడను నిర్ధారించినదీ ఆ సంస్థయే.

ఒక వైరస్ కొత్తదని తెలియుట ఎట్లు? గబ్బిలాన్ని వలతో పట్టి, గొంతునుండి దూదిపుల్లతో స్రావాన్ని, కొద్దిగా రక్తాన్ని తీసి, తిరిగి విడిచిపెట్టుదురు. ఒక కుటుంబానికి చెందిన వైరస్‌లన్నిటిలో జన్యుపదార్థపు కొన్ని భాగాలు ఇంచుమించు ఒకే రీతిగా ఉండును. ఆ భాగాలను ఆధారం చేసుకొని పీసీఆర్ పద్ధతిలో వైరస్ జన్యుఖండాన్ని కోట్లరెట్లు పెంచి, దాని అక్షరక్రమాన్ని చదివి, తెలిసిన వైరస్‌లతో పోల్చుదురు. దేనితోనూ తగినంతగా సరిపోలనిచో అది కొత్తది. బంగ్లాదేశ్‌లో మన గబ్బిలపు జాతినే ఈ విధంగా పరీక్షించగా 9 కుటుంబాలకు చెందిన 55 వైరస్‌లు లభించినవని 2013లో ప్రకటించారు. పదేపదే వెదకినను ఎక్కువగా పాతవే కనబడుచుండుటచే, ఆ కుటుంబాలలో మొత్తం సంఖ్య 58 మాత్రమే ఉండవచ్చునని గణించారు. అనగా ఈ అన్వేషణ అంతులేనిది కాదు.

వైరస్ కనబడినంత మాత్రాన వ్యాధి వచ్చునని అర్థం కాదు. అది మనిషిని చేరుటకు దారి కావలెను. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు నాకిన పచ్చి ఈతరసం అట్టి దారి అయినది. కనుక కొరికిన పండును తినరాదు. చచ్చిన గబ్బిలాన్ని వట్టిచేతులతో తాకరాదు. ఇంతటితో చాలును. భయంతో మర్రిచెట్టును నరికినచో గబ్బిలాలు చెదరి మరొక ఊరు చేరునే గాని వైరస్ నశించదు. పైగా ఇప్పపూల పరాగసంపర్కానికి, మర్రి విత్తనాల వ్యాప్తికి తోడ్పడే జీవిని మనమే దూరం చేసుకొన్నవారమగుదుము. తెలియనిదానిని చూచి భయపడుట సహజము. తెలిసికొని జాగ్రత్తపడుట విద్యార్థి ధర్మము.