మూలపాడు అడవికి వెళ్ళే మేనకోడలికి

నందిగామ,
ఆదివారం.

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటో మీ అమ్మ నిన్న చూపించింది. మూలపాడు సీతాకోకచిలుకల పార్కు దగ్గర నలుగురు ఆడపిల్లలు నవ్వుతూ నిలబడ్డారు. చూస్తే కడుపు నిండిపోయింది. మళ్ళీ పరకాయించి చూస్తే నీ సంచి పక్క జేబులో నీళ్ళ సీసా ఒక్కటే ఉంది, అదీ అరలీటరుది. తక్కిన ముగ్గురి చేతుల్లో ఫోన్లు తప్ప ఇంకేమీ లేవు. "మార్చి ఆఖర్లో సెలవు చూసుకుని అడవి దారి మొత్తం చుట్టొస్తాం, రెండు గంటల పనే" అని రాశావట. అది విన్నాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే మామయ్యా, సరే" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం.

వెళ్ళొద్దని నేననను. మీ అమ్మ అంటుంది. అది ప్రతిదానికీ బెదిరిపోతుంది, నీకు తెలియంది కాదు. దానికి నేను నచ్చజెబుతాను. కంప్యూటరు ముందు వారమంతా కూర్చునే పిల్లవి, కొండ గాలి పీల్చుకోవాలనుకోవడం మంచిదే.

కానీ అడవి అంటే నీడ అనుకుంటున్నావు. మీరు వెళ్ళే కొండపల్లి అడవి ఆకు రాల్చే అడవి తల్లీ. కార్తీకంలో నువ్వు చూసిన పచ్చదనం ఫాల్గుణానికి ఉండదు. మన కొండపల్లి బొమ్మలకు కొయ్య ఇచ్చే తెల్ల పొణికి మోడై నిలబడుతుంది. తక్కిన చెట్లూ చాలామటుకు అంతే. పైనుంచి ఎండ, కింద కాలిన రాయి, మధ్యలో గాలి ఆడని లోయ. రెండు గంటల నడక కార్తీకంలో ఒకటి, మార్చి చివర మరొకటి. పైగా అది చుట్టు దారి. సగానికి చేరాక ముందుకు పోయినా వెనక్కి మళ్ళినా అంతే దూరం. కాబట్టి సగం దాకా ఆగకు. పావు దారి నడిచేసరికే తెచ్చుకున్న నీళ్ళలో సగం అయిపోతే, ఎవరేమన్నా అక్కడి నుంచే తిరిగి వచ్చేయండి.

మనిషికి రెండు లీటర్లు. నలుగురికి కలిపి కాదు, ఒక్కొక్కరికి. ఎండలో ఎక్కేటప్పుడు గంటకు లీటరు చెమట పోవడం వింతేమీ కాదు. దాహం వేశాక తాగుదాం అనుకుంటే అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది.

మా రోజుల్లో వైశాఖంలో జగ్గయ్యపేట నుంచి వేదాద్రి నరసింహస్వామి కల్యాణానికి జనం బళ్ళు కట్టుకుని పోయేవాళ్ళు, కుర్రాళ్ళం మాత్రం నడిచేవాళ్ళం. ఒక ఏడు మా చిన్నక్క మరిది, కొత్త పెళ్ళికొడుకు, మాతో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడ దాకా బొత్తాలు. జ్వాలా నరసింహుడు కొండమీద ఉంటాడు కదా, దర్శనం చేసుకుందామని మిట్టమధ్యాహ్నం ఎక్కాం. సగంలో అతను ఉన్నట్టుండి కూర్చుండిపోయాడు. పిలిస్తే పలుకు తేడాగా వచ్చింది. చెయ్యి పట్టుకుంటే పొడిగా, పెనంలా కాలిపోతోంది. మజ్జిగ అమ్ముకునే ముసలమ్మ ఒకావిడ కుండ దించి పరుగున వచ్చింది. నోట్లో పోస్తుందనుకున్నాం. పొయ్యలేదు. చొక్కా విప్పించి, కొంగు తడిపి మెడ, చంకలు, గుండె తుడుస్తూ విసరమని మమ్మల్ని కసిరింది. కళ్ళు తెరిచి మాట సరిగ్గా వచ్చాక అప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ, గుక్కెడు గుక్కెడుగా. "పొద్దుటినుంచి నీళ్ళు తాగావా అబ్బాయ్?" అని అడిగితే "దాహం వెయ్యలేదు" అన్నాడు. ఆవిడ చేసిందంతా సరైన వైద్యమేనని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, మన ఊరి డాక్టరు గారు చెబితేనే. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే వడదెబ్బ. తెలివి తప్పినవాళ్ళకు నీళ్ళు పట్టకూడదు, ముందు ఒళ్ళు చల్లార్చాలి. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా ఎండకు పోయారు. అప్పటికి నువ్వు చిన్నపిల్లవి, గుర్తుండకపోవచ్చు.

చిన్నపిల్లవంటే గుర్తొచ్చింది. మునేరు ఒడ్డున ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు దోసిలితో నాకు పట్టుకొచ్చేదానివి. దారిలోనే సగం కారిపోయేవి. మళ్ళీ పరుగెత్తేదానివి. అది తలుచుకుంటే నీ మీద కోపం నిలవడం లేదు.

కొండపల్లి కోట ఎక్కినప్పుడు కోనేరు చూసే ఉంటావు. పధ్నాలుగో శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టించిన కోట అది. అంత ఎత్తున గోడలూ బురుజులూ కట్టినవాళ్ళకు ఆ కొండమీద నీళ్ళు లేకపోతే ఒక్క వారం కూడా నిలవలేమని తెలుసు. ఇప్పుడు ఆ కోనేటి నీళ్ళు మాత్రం ముట్టుకోకు. అడవిలో కనిపించే ఏ గుంట నీళ్ళూ తాగొద్దు.

ఒట్టి నీళ్ళే తాగుతూ పోయినా తల తిరుగుతుంది. చెమటతో పోయిన ఉప్పు తిరిగి రావాలి. మందుల షాపులో ఓఆర్ఎస్ పొట్లం కొను, పొట్లం మీద రాసినన్ని నీళ్ళలోనే కలుపు. దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో, తలగొట్టి. అంతకు మించి వెయ్యకు. కూల్‌డ్రింకులు నీళ్ళ లెక్కలోకి రావు. ముందురోజు రాత్రి నుంచే నీళ్ళు తాగుతూ ఉండు. పొద్దున ఖాళీ కడుపుతో కాఫీ తాగి బయలుదేరకు. పెరుగన్నం తిను, అందులో ఉప్పు, ఉల్లిపాయ. టోపీ కంటే తడిపిన తువ్వాలు నయం.

పాముల గురించి నువ్వే చదువుకుని ఉంటావు. బూట్లు వేసుకో, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకు. ఎండుగడ్డి ఉన్నచోట ఎవర్నీ అగ్గిపుల్ల గీయనీయకు. ఫారెస్టు వాళ్ళను అడక్కుండా లోపలికి పోకండి. వానాకాలంలో అయితే వాగు దాటొద్దు. బుడమేరు వాగు పుట్టేది ఆ చుట్టుపక్కల కొండల్లోనే. 2024 సెప్టెంబరులో అది బెజవాడను ఎలా ముంచిందో నీ గదిలోంచే చూశావు.

నా మాట వింటే నడకను వచ్చే కార్తీకానికి మార్చుకోండి. వానలు వెలిసి ఆకు నిండుగా ఉంటుంది, సీతాకోకచిలుకలూ అప్పుడే ఎక్కువ. మార్చిలోనే తప్పదంటే తెల్లారి ఆరింటికల్లా దారిలో ఉండాలి, తొమ్మిది కొట్టకముందే బయటపడాలి. లోపల ఫోన్ అందకపోవచ్చు. ఎటు వెళ్ళారో, ఎన్నింటికి వస్తారో గేటు దగ్గర మనిషికి చెప్పి వెళ్ళండి. ఎవరికైనా మాట తడబడితే ఆ ముసలమ్మ చేసినట్టు చెయ్యి, 108కి ఫోన్ అందేచోటికి ఒకర్ని పంపు.

మీ అమ్మ నీకు రెండు కొత్త సీసాలు కొని పెట్టింది, లీటరువి. చెబితే నవ్వుతావని నీతో అనలేదు. వచ్చే ఆదివారం వస్తే పట్టుకుపో.

ఏ తేదీన వెళ్తున్నారో నాకు రాయి. జగ్గయ్యపేట నుంచి బెజవాడ వెళ్ళే మొదటి బస్సు పట్టుకుని మూలపాడులో దిగుతాను. నేను మీ వెంట నడవను, నీ స్నేహితురాళ్ళకు ఇబ్బందిగా ఉంటుంది. గేటు దగ్గర కూర్చుంటాను. మీ అత్తయ్య మజ్జిగలో శొంఠి, నిమ్మాకు వేసి నాలుగు లీటర్లు చేసిస్తానంది. నీ స్నేహితురాళ్ళలో ఎవరికైనా శొంఠి పడకపోతే ముందే చెప్పు, వాళ్ళకు విడిగా తెస్తాను.

నీ మామయ్య