కొద్ది సరుకు, తక్కువ ధర: సెల్‌ఫోన్ల వ్యాపారములో ఒక పద్ధతి

సరుకు కొరతగా ఉన్నప్పుడు ధర పెరుగుట మన సభ్యులందరూ ఎరిగినదే. వేసవిలో పాలు తగ్గినప్పుడు చూస్తూనే ఉన్నాము. కాని ధర తగ్గించి, సరుకును కూడా కొద్దికొద్దిగా వదిలి లాభపడిన వ్యాపారము ఒకటి ఉన్నది. ఈసారి దానిని పాఠముగా తీసుకొంటున్నాము.

చైనాకు చెందిన షియోమీ కంపెనీ 2014 జూలైలో మన దేశములో స్మార్ట్‌ఫోన్ల అమ్మకము ప్రారంభించినది. దుకాణాలలో కాదు, ఫ్లిప్‌కార్ట్ ద్వారా, ఇంటర్నెట్‌లో మాత్రమే. ముందుగా పేరు నమోదు చేసుకొన్నవారు చెప్పిన రోజున, చెప్పిన వేళకు సిద్ధముగా ఉండవలెను. సెప్టెంబరు 2న 5,999 రూపాయల రెడ్‌మీ 1ఎస్ ఫోన్లు 40,000 పెట్టగా 5 సెకండ్లలోపే అయిపోయినవి. మనము పాల క్యాను మూత తీసేలోగా అన్నమాట!

ఇందులో లాభము ఎక్కడ? ఫోనులోని తెర, చిప్పుల వంటి విడిభాగాల ధరలు సాధారణముగా కాలము గడిచేకొద్దీ తగ్గుతవి. లెక్క కోసము, 6,000కు అమ్మే ఫోను తయారీకి మొదటి నెలలో 5,900, ఏడాది తరువాత 5,000 అవుతుందనుకొందాము. మొదటి నెలలోనే లక్ష ఫోన్లు చేస్తే ఫోనుకు మిగిలేది 100 రూపాయలే. అదే మోడలును విడతలుగా చేసి అమ్మితే చివరి విడతలకు 1,000 మిగులుతుంది. గోదాములో సరుకు నిలువ ఉండదు, దుకాణదారు కమీషను లేదు, దొరకలేదన్న సందడే ప్రకటన. పాలకు ఈ ఉపాయము పనికిరాదు. పొద్దుట పిండిన పాలు వచ్చే నెల ధర కోసము ఆగవు.

మరి నష్టపోయినది ఎవరు? తొందరపడి, ఫోను దక్కినవారి వద్ద ఎక్కువ ఇచ్చి కొన్నవారు. 2015 మార్చిలో 6,999కి వచ్చిన రెడ్‌మీ 2 కొద్ది నెలలకే 5,999కి దిగినది. పక్షానికి వచ్చే పాల బిల్లుతో ఫోను కొనే ఇంటికి ఆ వెయ్యి చిన్నది కాదు.

కొరతతో ఆకర్షణ కొంతకాలమే. ఒప్పో, వివో కంపెనీలు ఊరూరా దుకాణదారులకు మంచి కమీషను ఇచ్చి, వచ్చినవారికి వెంటనే ఫోను చేతిలో పెట్టించినవి. షియోమీ కూడా సరుకు పెంచక తప్పలేదు. 2015 ఆగస్టులో తడ దగ్గరి శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ కర్మాగారములో రెడ్‌మీ 2 ప్రైమ్ తయారీ మొదలైనది. 2017లో బెంగుళూరులో సొంత దుకాణము తెరిచినది. ఆ ఏడాది చివరి మూడు నెలలలో, మార్కెట్ సర్వేల ప్రకారము, మన దేశములో శాంసంగ్‌ను దాటినది. 2018 ఏప్రిల్‌లో ఫోన్ల వంటి పరికరాలపై నికర లాభము నూటికి 5కు మించనీయబోమని ప్రకటించి, మిగతా లాభము ఇంటర్నెట్ సేవలలో చూసుకొన్నది.