తడి చేతికి లొంగే పిన్ను

ప్రశ్న: పులికాట్‌లో మా పడవ ఇంజన్‌ను బ్రాకెట్‌కు పట్టి ఉంచే పిన్ను తడి చేతులతో రావడం లేదు. లోతు తక్కువున్న చోట ఇంజన్ పైకి లేపాలంటే సుత్తి పట్టాల్సి వస్తోంది. ఎలాంటిది కొనాలి?
– మత్స్యకారుడు, తడ మండలం

జవాబు: ముందు పిన్ను మీద బరువు తీయండి. ఇంజన్‌ను కొంచెం ఎత్తి పట్టుకుని లాగి చూడండి. బరువు మోస్తున్న పిన్ను ఎంత ఖరీదుదైనా చేతికి రాదు.

కొనాల్సింది బాల్ లాక్ పిన్ను. తల మీది బటన్ నొక్కితే కొసనున్న చిన్న గుండ్లు లోపలికి పోతాయి, వదిలితే బయటికొచ్చి పట్టుకుంటాయి. బటన్ లేకుండా లాగితే వచ్చే రకం చౌకే. ఇంజన్ అదురుకు అది జారిపోతే తిట్టుకునేది మీరే. పిడి 'టి' ఆకారంలో ఉండాలి: రెండు వేళ్లు పిడి కింద, బొటనవేలు బటన్ మీద. రింగు తలలో ఒక్క వేలే దూరుతుంది, అదీ ఒరుసుకుపోతుంది.

పొడవు కొలిచేటప్పుడు తల అడుగు నుంచి గుండ్ల దాకానే చూడండి. బ్రాకెట్ మందం అంతకంటే కాస్త తక్కువుండాలి.

లోహం 316 స్టెయిన్‌లెస్ అడగండి. అందులో 2–3 శాతం మాలిబ్డినం ఉంటుంది. వానలకు కాళంగి నది నీళ్లు చేరి సరస్సు పలచబడినా, ఎండాకాలం ఉప్పు పెరుగుతుంది. అప్పుడు 304 స్టెయిన్‌లెస్ కంటే ఇదే బాగా తట్టుకుంటుంది. అయినా ఒడ్డుకొచ్చాక మంచినీళ్లతో కడగండి. గ్రీజు దట్టంగా పూయొద్దు, ఇసుక పట్టి గుండ్లు బిగుసుకుంటాయి. పిన్నును సన్నటి స్టీలు తీగతో బ్రాకెట్‌కే కట్టేయండి. సరస్సు బురదలో పడితే దొరకదు.