మానని గాయం - మధుమేహ సూచన

కాలిలో ముల్లు దిగిన గాయం, చెప్పు కరచిన పుండు సాధారణంగా వారం పదిరోజులలో మానుతాయి. రెండు వారాలు దాటినా మానకుంటే పసుపుముద్దలు మార్చుతూ కాలహరణం చేయక వైద్యునికి చూపి, రక్తపరీక్ష చేయించుకోవాలి. మధుమేహులకు వ్రణాలు కష్టసాధ్యాలని సుశ్రుతుడు ఏనాడో హెచ్చరించాడు. రక్తంలో చక్కెర అధికమైతే సూక్ష్మరక్తనాళాలు, నాడులు క్షీణిస్తాయి. తెల్లకణాల శక్తి సన్నగిల్లుతుంది. నొప్పి తెలియదు. అదే పెద్ద మోసం. పుండు మానుతున్నదని రోగి భ్రమపడతాడు!

పరగడుపున చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉంటే, పరీక్షను మరొకసారి చేసి వ్యాధిని నిర్ధారిస్తారు. అతిదాహం, అతిమూత్రం గుర్తించక ముందే ఒక ముల్లు ఇలా వ్యాధిని బయటపెట్టవచ్చు. వెంటనే ఔషధం, పథ్యం, వ్రణశుద్ధి ప్రారంభిస్తే కాలు దక్కే అవకాశం ఎక్కువ. కాకర, మెంతులు పథ్యంలో చేరవచ్చు గాని ఔషధానికి బదులు కావు.